తమ్ముడు పంపిన మట్టి

లింగంపేటలో భూమక్క ఇల్లు పల్లంలో ఉంటుంది. వాన పడితే వాకిలంతా మడుగే. భర్త పోయినంక బీడీలు చుట్టుకుని బతుకుతోంది. తల్లి లేని తమ్ముడు భీమేష్‌ను పెంచి చదివించింది కూడా ఆ బీడీల మీదే. అతనిప్పుడు కామారెడ్డిలో మట్టిపనుల కాంట్రాక్టరు.

ఎండాకాలంలో ఒకరోజు అడక్కుండానే ట్రాక్టర్లు వచ్చి వాకిట్లో ఆగాయి. "అక్కా, వాకిలి ఎత్తు చేయిస్తున్న. మంచి మట్టి," అన్నాడు భీమేష్ ఫోన్లో. భూమక్కకు కడుపు నిండిపోయింది. డ్రైవర్లకు వండిపెట్టింది. ఏదో కంపు కొడితే ట్రాక్టర్లదే అనుకుంది.

వానలు మొదలయ్యాయి. వాకిట్లో నీళ్లు నిలవలేదు గానీ, గోడ పక్కన వేసిన బీరపాదు మాడిపోయింది. చేదబావిలో నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలింది. నోట్లో పోసుకుంటే డీజిల్ వాసన.

పక్కింటి కుల్సుం పిడికెడు మట్టి తీసి వాసన చూసింది. "అక్కా, ఇది పెట్రోలు బంకు కాడ తవ్విన మట్టి. కామారెడ్డిల మా ఆయన పనిచేసే బంకుల, భూమిలోపలి ట్యాంకు కారిందని తవ్విండ్రు. ఆ మట్టిని దూరం పంపి శుభ్రం చేయించాల్నట. ఆ పని పట్టింది మీ భీమేషే."

భూమక్క నమ్మలేదు. బస్సెక్కి తమ్ముడి దగ్గరికే పోయింది.

"నిజమేనారా తమ్మీ?"

భీమేష్ తలెత్తలేదు. "ఎండకు వాసన పోతదనుకున్న అక్కా."

"ఇంత లోకముండంగ నా వాకిలే దొరికిందా?"

"వేరేటోళ్లయితే కేసు పెడుతరు. నువ్వైతే ఏమనవు గద."

భూమక్క చెప్పులు వేసుకుని బయటికొచ్చి, తిరుగు బస్సెక్కింది. లింగంపేట రాగానే దిగలేదు. అదే బస్సులో ఎల్లారెడ్డి దాకా పోయి, ఆర్డీవో ఆఫీసులో ఫిర్యాదు చేసింది.

"ఎవరి మీదమ్మా?" అడిగాడు గుమస్తా.

"మా తమ్ముని మీద," అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

అధికారులు వచ్చి చూశారు. బంకు యజమానికీ భీమేష్‌కూ నోటీసులిచ్చి మట్టి ఎత్తించారు. మిషను వాకిలి తవ్వుతుంటే భీమేష్ రోడ్డు మీదే నిలబడ్డాడు. "తిన్నవా?" అని అడగబోయి భూమక్క ఆగిపోయింది.

బావినీళ్లు ముట్టొద్దన్నారు. నల్లా వచ్చినప్పుడు పట్టుకున్నవే ఇప్పుడామెకు దిక్కు. వానకు వాకిలి మళ్లీ మడుగవుతోంది.

రాఖీ పండుగనాడు భీమేష్ ఆ నీళ్లలో నడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంది. అన్నం పెట్టింది. రాఖీ మాత్రం కట్టలేదు.