స్విచ్ వేయనన్న కరుణశ్రీ

“ఇంకొక్కసారి ఆన్ చెయ్యి. నేనడిగేది అంతే.”

“చెయ్యను పాలన్నా.”

“ఏం, ఆన్ చేస్తే నీ సొమ్మేం పోతాది?”

“నా సొమ్ము కాదు, మీ అమ్మ పాటలు పోతాయి. ఆ చప్పుడు వినలేదా నువ్వు? లోపల గీకతా ఉండాది. ఎన్నిసార్లు ఆన్ చేస్తే అంత గీకతాది.”

“పొద్దున అదే చప్పుడుతో కాసేపు పన్జేసింది గదా. ఇప్పుడూ చేస్తాది. జరుగు, నేనే వేస్తా.”

“దాని మీద చెయ్యేసినావంటే సార్ అని కూడా చూడను.”

నేను మెట్ల మీదే ఆగిపోయాను. ఆత్మకూరు బస్టాండు వెనక, సైకిల్ షాపు పైన ఉన్న ఆ గదిలో అరుపులు కొత్త కాదు. కరుణశ్రీ అక్క మామూలుగా మాట్లాడినా కింద గాలి కొట్టేవాళ్లకు వినపడుతుంది. కానీ ఆ రోజు ఆమె కంప్యూటరు ప్లగ్గును గోడలోంచి పీకి గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది. పాల్ సార్ దాని కోసం చెయ్యి చాపి ఉన్నాడు. ఆయన చేజర్ల దగ్గర ఒక పల్లె బడిలో టీచరు. పిల్లల్ని కూడా కొట్టని మనిషి.

అది 1998 మే నెల. నేను డిగ్రీ సగంలో మానేసి, ఒక కేబుల్ టీవీ ఆఫీసుకు ఊళ్లు తిరిగే పనిలో ఉన్నాను. వాళ్ల కరపత్రం కొట్టించుకోవడానికి వచ్చాను. కరపత్రం సంగతి ఎవరూ అడగలేదు.

గొడవ దేని గురించో చెప్పాలంటే పాల్ సార్ వాళ్ల అమ్మ లిదియమ్మ గురించి ముందు చెప్పాలి. ఆమె ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో బైబిల్ చెబుతూ తిరిగిన ముసలామె. పాటలు కట్టేది. చదవడం వచ్చు కానీ రాయడం రాదు. వేరుశనక్కాయలు వలిచే ఆడవాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల చేతుల వేగానికి తగ్గట్టు పాడేది. “ఎండ కాసినా నీ నీడుండాది, గుండె కాగినా నీ మాటుండాది” అనే పాట ఆమెదే. ఏ పాటనూ ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ముందటి ఏడాది ఎండాకాలం కంటి ఆపరేషనుకు ఆత్మకూరు వచ్చి కరుణశ్రీ ఇంట్లో ఉన్నప్పుడు, ఆమె పాడుతుంటే కరుణశ్రీ కంప్యూటరులో కొట్టి పెట్టింది. ఈ ఏడాది లిదియమ్మకు పక్షవాతం వచ్చింది. నోరు ఒక పక్కకు పోయింది. మాట రావడం లేదు. ఆమె ఉండగానే ఆ పాటలు పుస్తకంగా ఆమె చేతిలో పెట్టాలని పాల్ సార్ పట్టుదల. ఆ పాటలు ఇప్పుడు ఆ డబ్బాలో తప్ప భూమ్మీద ఎక్కడా లేవు.

ఆ డబ్బా లోపల గీకుతోంది.

కరుణశ్రీది ఉదయగిరి. తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. టైపు హయ్యరు పాసైంది. సురేంద్రబాబు అనే లారీ డ్రైవరును చేసుకుని ఆత్మకూరు వచ్చింది. నెల్లూరులో డీటీపీ నేర్చుకుని, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు కొనుక్కుని, ఈ గది తీసుకుంది. పెళ్లికార్డులు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు ఆమె గిరాకీ. తప్పు తనదని ఒప్పుకోవడం ఆమెకు చేతకాదు. అనంతసాగరం నుంచి కామయ్య అనే రైతు రెండో కొడుకు పెళ్లికార్డుకు వచ్చి, “పెద్దోడి కార్డు నీ కాడ ఉండాది గదా, పేరు మార్చి కొట్టు” అన్నాడు. ఆమె పెళ్లికొడుకు పేరు మార్చింది. పెళ్లికూతురు పేరు పెద్దకోడలిదే ఉండిపోయింది. కార్డులు పంచాక కామయ్య చిందులేస్తూ వచ్చాడు.

“పేరు మార్చమన్నావు. పేర్లు మార్చమన్నావా?” అందామె.

“అయితే మా చిన్నోడు వాళ్ల వదినెను చేసుకోవాలనా నీ లెక్క?”

“నేనేం పెళ్లి చేయలా, కార్డు చేసినాను. కూర్చో, మళ్లా కొట్టిస్తా.”

ఊరికే కొట్టించి ఇచ్చింది. తప్పయిందని మాత్రం అనలేదు.

ఇలాంటి మనిషి పెళ్లికార్డులన్నిటినీ ఫ్లాపీల్లోకి ఎక్కించి రేకు డబ్బాలో దాచేది. లిదియమ్మ పాటల్ని మాత్రం ఎక్కించలేదు. ఎందుకో నేను చాలాసార్లు అడిగితే, తర్వాత మద్రాసుకు పోతూ బస్సులో చెప్పింది.

పాట పూర్తయినప్పుడల్లా ఆమె, “సేవ్ చేసినానవ్వా” అనేదట. ఆ మాటకు అర్థమేంటని లిదియమ్మ అడిగింది. కరుణశ్రీకి వెంటనే దొరికిన తెలుగు మాట, వాళ్ల గుడిలో ఆదివారం ఆదివారం వినే మాట: రక్షణ. ముసలామె మురిసిపోయింది. ఆ తర్వాత ప్రతి పాటకూ తనే అడిగేది: “రక్షించినావా అమ్మా?” చివర్లో కరుణశ్రీ ఫ్లాపీ తీసి, దీంట్లోకి కూడా ఎక్కిస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. “మళ్లా ఏందమ్మే? రక్షణ ఒక్కసారే. రెండోసారి కావాలంటే మొదటిదాని మీద నమ్మకం లేదనే గదా.” దేవుడు ఒకసారి రక్షిస్తే అది ఎప్పటికీ పోదని నేర్పే వాళ్ల బాప్టిస్టు గుళ్లలో పెరిగిన వాళ్లకు ఈ మాట కాదనడం కష్టం. కరుణశ్రీ నవ్వేసి ఫ్లాపీ పక్కన పెట్టింది. తర్వాత చేద్దాంలే అనుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ చేయలేదు.

“అవ్వ మాటకు నేను ఊరుకున్నానని పాలన్నతో అనబాకు” అంది. “నేను బద్ధకించినానని అనుకోనీ.”

ఇంకో సంగతి కూడా ఉంది. చెడడం ఆ రోజే మొదలవలేదు. కొన్ని వారాలుగా కంప్యూటరు మెల్లగా నడుస్తోంది, ఫైలు తెరవడానికి నసుగుతోంది. ఆమె డబ్బా పక్కన ఒక దెబ్బ వేసి పని చేయించుకుంటోంది. పొలాల మోటార్లకు కరెంటు వదిలే వేళల్లో వోల్టేజి ఎగిరి పడుతుంటుంది. మోటార్లు ఆగగానే బల్బులు తెల్లగా వెలిగిపోతాయి. స్టెబిలైజరు టపటపలాడుతుంటే ఆమె టైపు చేసుకుంటూ పోయేది. ఫైళ్లన్నీ దాచే హార్డ్ డిస్కులో పలక గిర్రున తిరుగుతూ ఉంటుంది, దాని మీద తగలకుండా, వెంట్రుకంత ఎడంలో దాన్ని చదివే ఒక ముల్లు తేలుతూ ఉంటుంది. కరెంటు పోతూ వస్తూ ఉన్నా, దుమ్ము పట్టినా, తిరిగేటప్పుడు దెబ్బ తగిలినా ఆ ఎడం పోయి ముల్లు పలకను గీకుతుంది. ఇవి మూడూ ఆమె గదిలో జరిగాయి.

ఆ రోజు గొడవ ఎలా ఆగిందంటే, పాల్ సార్ చెయ్యి దించి కుర్చీలో కూలబడ్డాడు.

“అయితే ఏం చేద్దామంటావు కరుణా?”

“మద్రాసు తీసకపోతా. విప్పి చూసేవాళ్లు ఆడ ఉండారు. నువ్వు అవ్వ కాడ ఉండు.” నా వైపు తిరిగింది. “నీకేం పని?”

“కరపత్రం.”

“అదేం కుళ్లిపోదులే. నాతో రా.”

కంప్యూటరులోంచి డిస్కును ఊడదీసి నూలు గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నెల్లూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. సీటు కింద పెట్టమంటే వినలేదు. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకునేది. కండక్టరు చూసి, “పసిబిడ్డా అమ్మా?” అన్నాడు.

“అట్నే అనుకో. టికెట్ అడగవు గదా.”

మద్రాసు రిచ్చి స్ట్రీట్‌లో, కంప్యూటర్లు బాగుచేసే ఒక ఇరుకు కొట్టు. అక్కడి మనిషి తమిళం కలిపిన తెలుగులో మాట్లాడాడు. డిస్కును చెవి దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం తిప్పి, వెంటనే ఆపేశాడు. “మళ్లీ మళ్లీ ఆన్ చేశారా?” అని అడిగాడు.

“చేయనియ్యలేదు” అందామె.

“నల్లదు, మంచి పని చేశారు. ఇంకా కొంచెంసేపు తిరుగుతుంది. ఎంతసేపో చెప్పలేను. మొత్తం రాదు. ముందు ఏది తీయాలో చెప్పు.”

ఆ డిస్కులో ఆమె పనంతా ఉంది. బడులకు చేసిన ప్రశ్నపత్రాలు, బొమ్మలు, అచ్చుకు పోవలసిన ఒక సొసైటీ రిపోర్టు. పెళ్లికార్డులు తప్ప మిగిలినవేవీ ఫ్లాపీల్లో లేవు. ఆ రిపోర్టు పోతే ఆ సొసైటీ వాళ్లు మళ్లీ ఆమె మెట్లెక్కరు. ఆమె ఆలోచించడం నేను చూడలేదు.

“అవ్వ అని ఒక ఫోల్డర్ ఉండాది. అది” అంది.

అతను వేరే డిస్కు తగిలించి, చదవగలిగిన చోటల్లా చదువుతూ, చదవలేని చోటు దాటేస్తూ కాపీ చేసే ప్రోగ్రాం నడిపాడు. చప్పుడు పెరిగింది. పాటల ఫోల్డరు చివరికి వస్తుండగా డిస్కు కీచుమని ఆగింది. మళ్లీ తిరగలేదు. సొసైటీ రిపోర్టు దాంతోనే పోయింది.

వచ్చిన ఫైలు తెరిచి చూపించాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు, డాలరు గుర్తులు. “అంతా చెడిపోయినట్టుండాది అక్కా” అన్నాను.

“నోర్ముయ్. ఈ మిషన్లో తెలుగు ఫాంట్ లేదు. మన అక్షరాలే ఇట్ట కనిపిస్తాయి.” వేలు పెట్టి వరుసల వెంట పోయింది. కొంతదూరం పోయాక వేలు ఆగింది. అక్కడి నుంచి ఒకే గుర్తు వరుసగా పేజీలు పేజీలు ఉంది. “ఇది మాత్రం తెలుగు కాదు” అంది.

ఆత్మకూరులో అరువు కంప్యూటరు మీద ఫాంట్ వేసి తెరిస్తే, ఆమె చెప్పినట్టే పాటలు తెలుగులో వచ్చాయి. చాలా వరకు వచ్చాయి. చివరి పాటలు కొన్ని లేవు, కొన్ని సగంలో తెగిపోయాయి. వచ్చినదాన్ని ఆమె అప్పటికప్పుడు రెండు సెట్ల ఫ్లాపీలుగా చేసింది. ఒకటి ఇంట్లో, ఒకటి పాల్ సార్ దగ్గర. నెలకోసారి రెండూ తెరిచి చూడాలని ఆయనకు చెప్పింది. ఆయనకు కంప్యూటరే లేదు, అయినా సరేనన్నాడు. ఆ తర్వాత మోటార్ల కరెంటు మారే వేళలకు ముందే మిషన్ ఆపేయడం నేర్చుకుంది. దెబ్బ వేయడం మానేసింది. ఏ ఫైలు గురించి అడిగినా, “సేవ్ అయింది, ఇంకా భద్రం కాలేదు” అనేది.

మేం ముగ్గురం లిదియమ్మ దగ్గరికి పోయాం. పాల్ సార్ కాగితాలు పట్టుకుని పాడాడు. ఆయన గొంతు బాగుండదు. మంచంలో ఉన్న ముసలామె బాగున్న చేతితో మంచం పట్టె మీద తాళం వేసింది. తెగిపోయిన పాట దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు, కానీ ఆమె చెయ్యి ఆగలేదు. తర్వాతి చరణం, ఆ తర్వాతి చరణం ఆమె లోపల నడుస్తూనే ఉన్నాయి. తాళం మాత్రం మాకు వినపడుతోంది. పాల్ సార్ లేచి బయటికి పోయాడు.

కరుణశ్రీ నా చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది. ఆమె ఎవరినైనా బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు.

“నువ్వు ఎట్నూ ఒక చోట ఉండవు. వింజమూరు దిక్కు పో, ఉదయగిరి పల్లెలన్నీ తిరుగు. కాయలు వలిచే ఆడోళ్లకు ఈ పాటలు వచ్చుంటాయి. కూర్చుని పాడించుకో, తెలిసినంత వరకు రాసుకో. అవ్వ ఉండగానే తే.” నా చెయ్యి వదిలింది. “రాసింది నాకిచ్చే ముందు ఇంకోటి రాసి నీ కాడ పెట్టుకో రా. నా కాడ ఉండాదని మాత్రం ఊరుకోబాక.”