పసుపు బొట్టు పెట్టిన సీడీ

మొన్న మా పొలం కాగితం నకలు కోసం జనగామలో ఒక ఆన్‌లైన్ సెంటరుకు పోయి కూర్చుంటే, సరిగ్గా నా వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. నేను గబుక్కున లేచి నిలబడ్డాను. కౌంటర్లోని అమ్మాయి మాత్రం నవ్వి, "ఏం గాదు తాతా, రాసింది కంప్యూటరే సరిచూసుకుంటది" అని ఫోను తీసింది. ఆ సరిచూసుకోవడం కోసమే నేను ఎన్నేళ్లుగా కుమిలిపోతున్నానో ఆ పిల్లకేం తెలుసు!

ఊళ్ల భూముల వివరాలు దస్త్రాల మూటల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కిన రోజులు మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇక్కడికి దగ్గర్లోనే ఒక మండల ఆఫీసులో నేను ఆపరేటర్ని. ఆ పెట్టె లోపల వివరాలన్నీ పుస్తకంలోలాగే పేజీలుగా ఉండేవి. పేజీ రాసినప్పుడల్లా అందులో ఉన్నదాన్నిబట్టి అది ఒక సంఖ్య కట్టి గుర్తు వేసుకునేది, మళ్లీ తెరిచినప్పుడు ఆ సంఖ్య కలవకపోతే పేజీ చెడిందని మొరపెట్టేది. మా ముసలి కంప్యూటరుకు ఆ పని భారమై, కిటికీ ముందు జనం గంటల తరబడి నిలబడి నన్ను తిట్టిపోసేవారు. ఆ తిట్లు పడలేక సరిచూసుకోవడాన్ని నేనే ఆపేశాను. వేగం పెరిగిందని పెద్దసారు మెచ్చుకుని చాయ్ తెప్పించారు. కరెంటు పోతే ఆదుకోవలసిన యూపీఎస్ అప్పటికే ఆయన గదిలో ఫ్యానుకు పోయింది, తిరిగి అడిగే ధైర్యం నాకు లేదు.

పక్క తండా నుంచి ఒక అవ్వ వచ్చేది. పెనిమిటి పోయాక బావతో ఏళ్లపాటు కొట్లాడి, తండా పెద్దల ముందు నోటిమాట మీద తన వాటా చెలక భూమి విడగొట్టించుకుంది. దానికి నేను కంప్యూటర్లో ఎక్కించిన వరుస తప్ప వేరే కాగితం లేదు. ఆ వరుసలో ఆమె పేరు చూపిస్తే, చదువురాని ఆ మనిషి తెరను వేలితో తాకి చూసుకుని మురిసిపోయింది.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం ఆ తండా పేజీ రాస్తుండగానే కరెంటు పోయింది. సగం కొత్తది, సగం పాతది కలిసి పేజీ పాడైంది. మొరపెట్టే నోరు నేనే నొక్కేశాను గనుక అది పలకలేదు. నేనేమో రోజూ సాయంత్రం పాత నకలు మీదే కొత్త నకలు దించుతూ, మంచిదాన్ని చెరిపి చెడినదాన్ని భద్రంగా దాచుకున్నాను.

అవ్వ నకలు కోసం వచ్చిననాడు తెరిస్తే, ఆమె పేరు ఉండవలసిన చోట పిచ్చిగీతలు! అయినా నాకొక ధీమా ఉంది. దసరా ముందు అంతా ఒక సీడీకి ఎక్కించి, ఆయుధపూజనాడు కంప్యూటరుతో పాటు దానికీ పూజ చేసి బీరువాలో పెట్టాను. తీసి చూద్దును గదా, నా చేత్తో పెట్టిన పసుపు బొట్టు సరిగ్గా కంప్యూటరు చదివే మెరిసే వైపే ఉంది. ఎండి గట్టిపడ్డ పసుపును తొందరలో బ్లేడుతో గీకాను. గీతలు పడ్డ ఆ సీడీని ఏ కంప్యూటరూ చదవలేదు.

పాత దస్త్రాలు చూసి మళ్లీ ఎక్కించమన్నారు పెద్దసారు. వాటిలో చెలకంతా బావ పేరు మీదే ఉంది. "సారూ, నా పేరు దొరికిందా?" అని అవ్వ వారం వారం వచ్చి అడిగేది. "కంప్యూటరు తినేసిందవ్వా" అనేవాణ్ణి. తప్పు నాదని రాసిచ్చి ఉంటే నా నౌకరీ పోయేదేమో గానీ, ఆమెకు ఒక సాక్ష్యం దొరికేది. నేను రాసివ్వలేదు. బావ ఆ చెలకలో పత్తి పెట్టాడు. అవ్వ భూపాలపల్లి దిక్కు మిరప ఏరడానికి కూలికి పోయి, అక్కడే చనిపోయిందని తర్వాత విన్నాను. నా పింఛను మాత్రం నెలనెలా వస్తూనే ఉంది.

కరెంటు వచ్చింది. నా నకలు అయ్యాక, ఇన్నేళ్లయినా మరవని ఆ అవ్వ చెలక సర్వే నంబరు చెప్పి తీయమన్నాను. తెరమీద ఆ బావ మనవల పేర్లు కనిపించాయి.

"చూసినవా తాతా, ఒక్క అక్షరం గూడ చెదరలే" అంది ఆ పిల్ల.

నిజమే. ఇన్ని కరెంటు కోతలు దాటి, పేజీ పేజీకీ సరిచూసుకుంటూ, నా తప్పును అది ఎంత పదిలంగా కాపాడుతోందో!