రాక్షస గుళ్ళకి సున్నం

ఆ రోజుల్లో సున్నం వేస్తే ఎంత పాత వస్తువైనా ఆఫీసర్ల కంటికి ఆనుతుందని నాకు గట్టి నమ్మకం. అప్పుడే ఉద్యోగంలో చేరిన సోషల్ మాస్టారికి ఇంతకంటే పెద్ద నమ్మకాలు ఎక్కడినుంచి వస్తాయి?

గజపతినగరం అవతల చిన్న ఊళ్ళో నా మొదటి పోస్టింగు. ఊరి చివర జీడితోటలో నడుమెత్తు బండరాళ్ళు పదిహేను, గుండ్రంగా పాతి ఉండేవి. ఊళ్ళో రాక్షస గుళ్ళు అనేవారు. వేల ఏళ్ళ కిందటి మనుషులు తమవాళ్ళని పూడ్చుకున్న చోటని చదువుకున్నవాణ్ణి కనుక, వాటిని చూసిన రోజునుంచి నాకు అన్నం సహించలేదు (సహించేదే, కాస్త ఎక్కువ చెబుతున్నాను). తోటగల పెద్దాయన్ని అందరూ జీడిమావ అనేవారు. ఆయన ఇల్లు కట్టబోతున్నాడు. "ఏటి మేస్టారూ, సచ్చిపోయినోళ్ళ రాళ్ళు బతికున్నోడి పునాదికి పనికిరావేటి? మీ ఆఫీసరెవులైనా వచ్చి ఉంచమంటే ఉంచుతాను. నేదంటే సోమారం ఎత్తించీస్తాను" అన్నాడు.

పురావస్తు శాఖకి అప్పటికే నేను రాసి ఉన్న ఏడో ఉత్తరానికి కదిలి, ఒక ఆఫీసరమ్మ ఆ శనివారమే వస్తామన్నారు. బడికి ఆఫీసరొస్తే ఏం చేస్తాం? దారి పక్క రాళ్ళకి సున్నం వేస్తాం. శుక్రవారం తొమ్మిదో తరగతిని వెంటేసుకెళ్ళి పదిహేను రాళ్ళకీ రెండేసి పూతలు వేయించాను. పైన జాజుతో ఎర్రపట్టీ నేనే స్వయంగా లాగాను. చూసుకుంటే కళ్ళు చెదిరిపోయాయి.

ఆఫీసరమ్మ జీపు దిగి, ఒక రాయి మీద వేలుతో రాసి, ఆ వేలినే చాలాసేపు చూసుకున్నారు. "ఎవరు చేశారిది?" అన్నారు. పిల్లలంతా ఒక్క గొంతుతో, "మా మేస్టారండీ!" అన్నారు. (అంత క్రమశిక్షణ నేను తరగతిలో ఎప్పుడూ చూడలేదు.) ఉద్యోగం సంగతి తర్వాత, ముందు సోమవారం గుర్తొచ్చింది.

"మెత్తటి గుడ్డ, మంచినీళ్ళు, అంతే. బ్రష్షు ముట్టుకోకండి. కడిగాక నేనొచ్చి చూస్తాను" అని ఆవిడ నాతో చెప్పి, పక్కనే ఉన్న జీడిమావ వైపు తిరిగి, "అంతవరకు ఒక్క రాయి కదలడానికి వీల్లేదు" అన్నారు.

నాలుగు ఆదివారాలు కడిగాం. నీళ్ళ కావిడి మోసింది నేనే. ఆవిడ మూడుసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా కాసేపు నన్ను తిట్టి, కాసేపు కొలతలు తీసి, చివరికి ఆ రాళ్ళని ముట్టుకోకూడదని బోర్డు పెట్టించారు. ఆ బోర్డు ముందు నిలబడి జీడిమావ నవ్వలేక ఏడవలేక, "సున్నమెయ్యకపోతే ఆవిడ ఒక్కసారొచ్చి మర్సిపోయుండును. నా పునాదికి రాళ్ళు నేకుండా సేసీసినావు కదా మేస్టారూ!" అని నా సంచీ నిండా జీడిపళ్ళు పోశాడు.

ఇప్పుడైతే నేను అలాంటి పని చెయ్యను. నలుగురు పెద్దల్ని అడిగి, పుస్తకాలు తిరగేసి, అనుమతి కోసం కూర్చుంటాను. ఆ లోపల జీడిమావ గృహప్రవేశం కూడా అయిపోతుంది. ఆ కుర్ర మాస్టార్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. అంత తెలివితక్కువగా దేన్నైనా ప్రేమించి చాలా ఏళ్ళయింది.