పొద్దు సముద్రంలో మునిగే ఊరు

మా అక్కకు రెండు కిడ్నీలూ చెడిపోయాయని తెలిశాక ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది దాహం. సూదుల నొప్పికి తొందరగానే అలవాటు పడింది గానీ, నీళ్లు కొలిచి తాగడానికి చివరిదాకా అలవాటు పడలేదు. డాక్టరు చెప్పిన కొలతకు సరిపోయే చిన్న సీసా ఒకటి పొద్దున్నే నింపి ఇచ్చేవాళ్లం. సాయంత్రానికి అడుగున కాసిన్ని మిగుల్చుకుని, పడుకోబోయే ముందు మూతలో పోసుకుని తాగేది. పక్కన ఎవరైనా చెంబెత్తి గటగటా తాగుతుంటే మొహం అటు తిప్పుకునేది.

మాది గూడూరు దగ్గర కోట అనే ఊళ్లో పరుపుల అంగడి. మా వాళ్లది తరతరాలుగా దూది ఏకే పని. నాయన పోయాక అక్కా నేనూ కలిసి అంగడి నడిపాం. నేను దూది నింపి పరుపులు కుట్టేవాణ్ణి. ఆమె దిండ్లకు గలీబులు కుట్టేది, బేరాలూ ఆమే చూసుకునేది. మా బావది రొయ్యల గుంటల దగ్గర కాపలా పని. రాత్రంతా నీళ్లలో చక్రాలు ఆగకుండా చూసుకోవాలి, పగలు మేత వేయాలి. ఆయనకు సెలవు దొరకడం కష్టం. వాళ్లకు పిల్లలు లేరు. అందుకని వారానికి మూడుసార్లు అక్కను నెల్లూరికి డయాలసిస్‌కు తీసుకెళ్లడం నా వంతయింది.

అక్కడ మంచం మీద నాలుగు గంటలు పడుకోవాలి. సూదులున్న చెయ్యి కదపకూడదు. గోడకు టీవీ ఉంది గానీ శబ్దం తీసేసి పెట్టేవాళ్లు. ఒకరోజు పొద్దుపోక ఫోన్ చూస్తుంటే, ప్రపంచంలో ఊళ్ల గురించీ ప్రయాణాల గురించీ జనం మామూలుగా అడిగే ప్రశ్నలు వరసగా కనిపించాయి. ఊరికే పైకి చదివాను. అన్నిటికంటే చిన్న దేశం ఏది? నేపాల్ పోవడానికి మనకు వీసా కావాలా? ఆస్ట్రేలియాకు రాజధాని సిడ్నీయేనా?

"కాదా మరి?" అంది అక్క, కళ్లు తెరిచి.

"కాదంట. కాన్‌బెర్రా అంట."

"ఆ పేరే ఇనలేదే. ఇంకోటి చదువు."

అలా మొదలైంది. ఆ తర్వాత బస్సు దిగి ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడే "ఈరోజు ఏ దేశం?" అని అడిగేది. ఎక్కువగా నీళ్ల సంగతులే కావాలనేది. ప్రపంచంలో అన్నిటికంటే లోతైన చెరువు రష్యాలో ఉందనీ, శీతాకాలం దాని మీద మంచు గట్టిపడితే బండ్లు కూడా నడుస్తాయనీ చదివినప్పుడు, చాలాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయింది.

"ఆ నీళ్లు తాగేవేనా అబ్బయా?"

"తాగేవేనంట. మంచినీళ్లే."

"తియ్యగుంటాయా?"

"ఉంటాయేమోలే" అన్నాను. ఆమె పెదాలు తడుపుకుంది.

పక్క మంచం మీద అల్లూరు నుంచి వచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. వరి రైతు. మొదట్లో మా మాటలు వింటూ కళ్లు మూసుకుని పడుకునేవాడు. కొన్నాళ్లకు ఆయనా కలిశాడు. ఆయన ఏ దేశం గురించి విన్నా అడిగేది ఒకటే.

"ఆడ వరి పండుద్దా నాయనా?"

జపాన్‌లో పండుతుందంటే అది తనకు తెలుసన్నట్టు తలూపాడు. ఐస్‌లాండ్‌లో పండదంటే "మరేం తింటారు పాపం" అన్నాడు. ఇటలీలో పండుతుందని చదివితే మాత్రం నమ్మలేదు.

"దొరలు వరన్నం తింటారా? సరిగ్గా చూడు నాయనా."

"రాసుండాది పెద్దాయనా. అక్కడ మళ్లు గూడా బొమ్మలో చూపిచ్చినారు."

ఫోన్ ఆయన మొహం దగ్గర పెట్టాను. కళ్లు చికిలించి చూశాడు. "గట్టు బాగా ఏసినారే" అన్నాడు. అక్క నవ్వింది. సూదులేసే నర్సమ్మ కూడా నవ్వింది. ఆ గదిలో అంతమంది కలిసి నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒకసారి మేం వెళ్లేసరికి ఆ మంచం మీద కొత్త మనిషి ఉన్నాడు. నెల్లూరిలోనే ఎక్కడో మోటారు మెకానిక్కట. అక్క నర్సమ్మను అడిగింది.

"పెద్దాయన్ని వేరే రోజుకు మార్చినారా?"

నర్సమ్మ ఆమె చేతికి పట్టీ కడుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "లేదక్కా. మొన్న ఇంటికాడనే పోయినాడంట."

ఆరోజు అక్క నన్ను ఏమీ చదవమనలేదు. నేనూ ఫోన్ తీయలేదు. తిరుగు బస్సులో గూడూరు దాటాక, కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"అబ్బయా, మన సముద్రంలో పొద్దు పుడతది. ములిగేది యాడ?"

"అవతలి ఒడ్డున. పడమటి సముద్రంలో. గోవా, మంగళూరు, కాలికట్... ఆ పక్క."

"ఎంత దూరం?"

"కాలికట్‌కయితే మద్రాసు నుంచి ఒక రాత్రి రైలు."

"శుక్రవారం మిషను అయినాక బయల్దేరితే, సోమవారం మిషనుకు రాగలమా?"

నేను మనసులో రైళ్లు లెక్కేసుకున్నాను. "రావచ్చక్కా."

ఆమె ఇటు తిరిగింది. "నిజంగానే చెప్తుండావా, నా మొగం చూసి చెప్తుండావా?"

"నిజంగానే."

"నాకు రష్యా చెరువు వద్దులే. అది చూస్తే చాలు" అంది.

డాక్టరు మొదట ఒప్పుకోలేదు. తర్వాత, సోమవారం తప్పకూడదనీ, కొబ్బరినీళ్లు, అరటిపండు, ఉప్పు దగ్గరికి పోకూడదనీ పదేపదే చెప్పి పంపాడు. బావకు రావాలనే ఉంది. కానీ అదే వారం గుంటలో రొయ్యలు పెరిగి పట్టుబడికి వచ్చాయి. రొయ్యలు లారీకెక్కే దాకా కాపలావాడు కదలడానికి లేదు. మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చి, కిటికీ పక్కన నిలబడి అక్కతో "శాలువా కప్పుకో, రైల్లో చలేస్తది" అన్నాడు. బస్సు కదిలాక కూడా శాలువా తీసి చూపించమని సైగ చేశాడు. ఆమె తీసి చూపించింది.

రైల్లో అక్క సరిగా నిద్రపోలేదు. తెల్లవారేసరికి కిటికీ బయట ఎటు చూసినా కొబ్బరిచెట్లు, ఎర్ర పెంకుల ఇళ్లు, ఇంటింటికీ బావి. "ఎన్ని నీళ్లుండాయి ఈళ్లకు" అంది. కాలికట్‌లో స్టేషన్ దగ్గరే గది తీసుకున్నాం. పగలంతా ఆమె పడుకుంది. కాళ్లు అప్పటికే కొంచెం పొంగాయి. వేలితో నొక్కి చూసుకుని, నేను చూస్తున్నానని చీర కిందికి లాక్కుంది.

సాయంత్రం ఆటోలో సముద్రం దగ్గరికి వెళ్లాం. ఒడ్డంతా జనం. బండ్ల మీద ఉప్పునీళ్లలో ఊరేసిన ఉసిరికాయలు, మామిడి ముక్కలు, అనాస ముక్కలు గాజు జాడీల్లో పెట్టి అమ్ముతున్నారు. అక్క ప్రతి జాడీ దగ్గరా ఆగి చూసింది, ఏదీ అడగలేదు. ఒక బండి దగ్గర ఐసుగడ్డను తురిమి, మీద రంగు పాకం పోసి ఇస్తున్నారు. అక్కడ మాత్రం నిలబడిపోయింది. అక్కడివాళ్ల మలయాళం రాకపోయినా, మా ప్రాంతంలో అందరికీ వచ్చినట్టే ఆమెకూ కాస్త అరవం వచ్చు. ఆ ముక్కలతో, చేతి సైగలతో, పాకం వద్దు, ఉత్త ఐసు ఒక్క చెంచాడు చాలని చెప్పింది. బండాయనకు అర్థంకాక నావైపు చూశాడు. నేను ఆమె చేతికున్న పట్టీ చూపించాను. ఆయన ఒక కాగితం గిన్నెలో కొంచెం తురిమి, రెండు చేతులతో ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

ఇసకలో కూర్చున్నాం. మాకు సముద్రమంటే పొద్దున్నే వెలుతురొచ్చే దిక్కు. ఇక్కడ సాయంత్రం ఎండ నీళ్లమీద నుంచి మా మొహాల మీదికి కొడుతుంటే, వేళ తప్పినట్టు అనిపించింది. పొద్దు కిందికి దిగేకొద్దీ పెద్దదైంది, ఎర్రబడింది. అక్క ఐసు నోట్లో పెట్టుకుని, కరిగేదాకా మింగకుండా ఉంచుకుంది. అంచు నీళ్లకు తగలబోతుండగా ఫోన్ తీసి బావకు చేసింది.

"మీ కాడ పొద్దు గూకిందా?"

"ఎప్పుడో గూకింది. లైట్లేసి లారీ నింపతా ఉండాం. మీకు?"

"మాకింకా ఉండాది" అంది. తర్వాత నెమ్మదిగా, "ఈరోజు మీకన్నా నాకు కొంచెం ఎక్కువ పగలు దొరికింది" అంది.

ఆ మాటకు అవతల బావ ఏమన్నాడో అలల హోరులో నాకు వినపడలేదు. ఆమె ఫోన్ చెవి దగ్గర అలాగే పట్టుకుని, పొద్దు పూర్తిగా మునిగేదాకా చూసింది. ఆఖరి ఎర్రటి ముక్క పోయాక జనం కొందరు లేచి వెళ్లిపోయారు. ఆమె లేవలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇసక పడింది" అంది. గాలి సముద్రం మీదనుంచే వీస్తోంది.

సోమవారం మిషనుకు సమయానికే చేరాం. నర్సమ్మకు అంతా చెప్పింది, ఆ పక్క జనం అన్నం ఎంత లావు బియ్యంతో వండుతారో కూడా చెప్పింది. ఆ ఎండాకాలం గడిచింది. వానలు మొదలయ్యాక ఊపిరాడటం కష్టమైంది. గుండె చుట్టూ నీరు చేరిందన్నారు. కిడ్నీలు చెడినప్పటినుంచీ నీళ్లకోసం మొహం వాచిన మనిషికి ఆఖరికి నీళ్లే ప్రాణం మీదికి వచ్చాయి. నెల్లూరు ఆసుపత్రిలో ఒక ఉదయం, నేను టీ కోసం కిందికి వెళ్లి వచ్చేలోపు పోయింది. బావ పక్కనే ఉన్నాడు. ఆమె చెయ్యి ఆయన చేతిలోనే ఉంది.

మట్టి చేసి వచ్చిన కొన్నాళ్లకు బావ అంగడికి వచ్చి, అక్క కూర్చునే చోటు వదిలి పక్కన కూర్చున్నాడు.

"ఆరోజు ఆడ ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పు అబ్బయా" అన్నాడు.

చెప్పాను. బావుల సంగతి, జాడీల సంగతి, ఐసు సంగతి. ఐసు దగ్గరికి వచ్చేసరికి, "ఎంత తినింది?" అని అడిగాడు. "ఒక్క చెంచాడే" అన్నాను. "గిన్నెడు తినుండాల్సింది" అన్నాడు.

"ఒకసారి నువ్వూ చూస్తావా బావా? నేను తీసకపోతా."

తల అడ్డంగా ఊపాడు. "ఆమె లేకుండా నేను పోయి ఏం చూడను?"

తర్వాత కూడా రెండు మూడుసార్లు వచ్చి అదే చెప్పించుకున్నాడు. ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టే విన్నాడు. అప్పుడు గుంటలో ఉన్న రొయ్యల పట్టుబడి అయ్యాక గుంటల పని మానేసి అంగడికి వచ్చేశాడు. ఇప్పుడు గలీబులు ఆయనే కుడుతున్నాడు. చేతిపని ఇంకా కుదరలేదు, కుట్లు వంకరగా పోతుంటాయి. సాయంత్రం నేను వాటిని విప్పి మళ్లీ కుడతాను. ఆయనకు తెలుసు.