చింతపండుతో తోమిన డబ్బీ

అమెరికాలోని నోవై ఊళ్లో విశ్వనాథం కనిపిస్తే పక్కింటి రాజారావు పలకరింపు ఒకటే: "ఏం సార్, ఇవాళ ఎన్ని బీరు మూతలు?"

కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాక విశ్వనాథం మెటల్ డిటెక్టర్ పట్టాడు. పొలం యజమాని దగ్గర అనుమతి తీసుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, చలికాలంలో నేల గడ్డకట్టేదాకా వారాంతాలన్నీ అక్కడే గడుపుతాడు. దొరికేవి చాలావరకు మూతలూ మేకులే.

ఊరి బయట ఒక మొక్కజొన్న పొలం మాత్రం వేరు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనిక శిక్షణలో ఉన్న కుర్రాళ్లు అక్కడ గుడారాలు వేసుకున్నారు. వాళ్ల బొత్తాలు, చెంచాలు, మెడలో వేసుకునే ఇత్తడి పేరుబిళ్లలు ఇంకా ఆ మట్టిలో ఉన్నాయి. బిళ్ల దొరికిందంటే విశ్వనాథానికి పండగే. పేరూ నంబరూ చదివి, లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసి, డిటెక్టర్ పట్టేవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో అడిగి, ఆ సైనికుడి మనవడినో మనవరాలినో పట్టుకుంటాడు. బిళ్ల చేతికిచ్చి, వాళ్లింట్లో కాఫీ తాగి వస్తాడు.

శుభ్రం చేయడంలో ఆయనకో పద్ధతి ఉంది. శుక్రవారం దీపపు కుందుల కోసం భార్య గిరిజ నానబెట్టే చింతపండులోంచి కాస్త తీసుకుని, ఉప్పు కలిపి తోముతాడు. చిలుము వదిలి అక్షరాలు తేటపడతాయి. ఫోటో తీసేది ఆ తర్వాతే. తవ్వి తీసిన వస్తువును నీళ్లతో తప్ప ముట్టుకోవద్దని గ్రూపులో పాతవాళ్లు చెబుతూనే ఉన్నారు. ఇత్తడి సంగతి తనకు వీళ్లు చెప్పాలా అన్నది ఆయన ధీమా.

కిందటి అక్టోబరులో, కోత అయిపోయాక, ఆ పొలంలో అగ్గిపుల్లలు పెట్టుకునే ఇత్తడి డబ్బీ ఒకటి దొరికింది. అరచేతిలో ఇమిడిపోయేంత. మూత మీద ఎవరో మేకుతో గీసినట్టు సన్నటి గీతలున్నాయి. ఎండకు అటూ ఇటూ తిప్పి చూస్తే అక్షరాల్లాగే ఉన్నాయి. ఇంటికెళ్లి తోమితే తెలుస్తుందనుకున్నాడు.

ఎప్పటిలాగే తోమాడు. పేరుబిళ్లల మీద అక్షరాలను మిషన్‌తో లోతుగా గుద్దుతారు. ఈ గీతలు ఎనభై ఏళ్లు మట్టిలో ఉండి, చివరికి చిలుములోనే మిగిలాయి. చిలుముతో పాటే పోయాయి. డబ్బీ కొత్త కుందిలా మెరిసింది. భూతద్దం పెట్టి చూశాడు. టార్చి ఏటవాలుగా వేసి చూశాడు. ఎక్కడ తడిమినా నున్నగా ఉంది.

షికాగోలో ఉంటున్న కూతురు మైత్రి వీడియో కాల్‌లో చూసింది. "నాన్నా, ముందు ఫోటో తీయలేదా? ఒక్కటి కూడా?" అంది. లేదన్నాడు.

అయినా ఎక్కడ దొరికిందో రాసి డబ్బీ ఫోటో గ్రూపులో పెట్టాడు. వారం తిరక్కముందే ఒహాయో నుంచి జూడీ అనే ఆవిడ రాసింది. ఆమె మేనత్త ఐరీన్‌కు తొంభై నాలుగేళ్లు, కేర్ హోమ్‌లో ఉంటోంది. ఐరీన్ అన్న వాల్టర్ ఆ గుడారాల్లోనే శిక్షణ పొంది పసిఫిక్‌కు వెళ్లాడు. ఓడ మునిగింది. మనిషీ రాలేదు, సామానూ రాలేదు. ఆఖరిసారి ఇంటికి వచ్చినప్పుడు, తండ్రి ఇచ్చిన అగ్గిపుల్లల డబ్బీని శిక్షణలో పారేసుకున్నందుకు తిట్లు తిన్నాడు. దాని మీద పేరు గీసుకున్నానని, ఎవరికి దొరికినా తెచ్చిస్తారని తండ్రికి నచ్చజెప్పాడట. పోయేలోగా అన్న వస్తువు ఒక్కటైనా చేత్తో పట్టుకోవాలని ఐరీన్ కోరిక. డబ్బీ మీద పేరు ఉందా అని జూడీ అడిగింది.

మెసేజ్‌లో ఏం రాయాలో తోచక విశ్వనాథం గిరిజను కార్‌లో ఎక్కించుకుని ఐరీన్ దగ్గరికి బయల్దేరాడు. దారిలో గిరిజ, "ఏమండీ, వాల్టర్ అని చదివానని చెప్పేయండి. పెద్దావిడ, ఇంకెన్నాళ్లుంటుంది?" అంది.

"చదవలేదే గిరిజా."

"అదే అయ్యుంటుంది లెండి."

"వేరేవాడిదైతే?"

మధ్యాహ్నానికి కేర్ హోమ్ చేరారు.

ఐరీన్ కిటికీ పక్కన వీల్‌చైర్‌లో ఉంది. డబ్బీని రెండు చేతులా అందుకుంది. బొటనవేలిని మూత మీద మెల్లగా నడిపింది, ఆపింది, మళ్లీ నడిపింది. దొరికినప్పుడు దీని మీద ఏం రాసి ఉందని అడిగింది. అక్షరాలు ఉండేవని, చదవకముందే తన చేతులతో తానే చెరిపేశానని విశ్వనాథం చెప్పాడు. ఆమెకు వినికిడి తక్కువ. ఆ మాట రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వరండాలో వెళ్తున్న నర్సు ఆగి చూసింది.

అక్కడ ఎంతమంది కుర్రాళ్లు ఉండేవారని ఐరీన్ అడిగింది. వందల్లో ఉండేవారన్నాడు. ఆమె కాసేపు డబ్బీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది ఇంకో పిల్ల వాళ్లన్నయ్యదైతే నేనెలా ఉంచుకుంటాను?" అంది.

ఉంచుకోమని జూడీ బతిమాలింది. విశ్వనాథమూ బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపి, కిటికీ వైపు తిరిగింది.

జనవరిలో ఐరీన్ పోయిందని జూడీ మెసేజ్ పెట్టింది. ఈలోగా ఫోటో చూసి మరో రెండు కుటుంబాలవాళ్లు రాశారు. ఒకరి తాత, ఒకరి పెదనాన్న అక్కడే శిక్షణ పొందారు. పేరు ఉందా అని వాళ్లూ అడిగారు.

ఆ ఫోటో తీసేయమంది గిరిజ. తీసేస్తే అసలువాళ్ల కంట ఎలా పడుతుందన్నాడు విశ్వనాథం.

"పడితే మాత్రం ఏం చూసి గుర్తుపడతారండీ?" అంది.

ఫోటో గ్రూపులో అలాగే ఉంది.