తొమ్మిదిలో మూడు

సీసా మూత ఊడగానే ఒక చేదు వాసన వస్తుంది, కోసిన పచ్చగడ్డిని తడి గోనెలో చుట్టినట్టు. ఆదివారం మధ్యాహ్నం మా వంటింట్లో ఆ వాసన తగిలితే రాజు గారు గుర్తొస్తారు. ఇన్నేళ్లుగా మా ఫ్రిజ్జులో ఒకటే రకం బీరు. ఎంచి పెట్టింది ఆయనే.

రాజు గారు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. నేను అక్కడే చెరకు బళ్ల కాటా దగ్గర గుమస్తాని, ఇంటర్ తప్పినవాణ్ణి. సగటు అంటే ఏమిటో, ఒక్క తూకాన్ని ఎందుకు నమ్మకూడదో భోజనాల వేళ ఆయన నేర్పినదే నా చదువంతా. రిటైరై రాజమండ్రిలో స్థిరపడ్డాక కూడా ఆదివారాలు రమ్మనేవారు. ఇద్దరికీ కలిపి రెండు సీసాలు, అంతే.

ఇంట్లో ఉంచుకోవడానికి ఏ బీరు మంచిదో తేల్చడానికి ఆయనకు మూడు నెలలు పట్టింది. రంగు తెలియకుండా మూడు స్టీలు గ్లాసులు. రెండింటిలో ఈ వారం కొన్న సీసాలోది, ఒకదానిలో పోయిన నెల కొన్నది, అదే రకం. నేను పోసి ఇస్తే, తేడా గ్లాసు ఏదో ఆయన గుక్క తాగి చెప్పాలి. అలా తొమ్మిదిసార్లు.

“గుడ్డిగా చెప్పినా మూడు తగులుతాయయ్యా. అంతకు మించితేనే మనకు తెలిసినట్టు,” అనేవారు.

రొయ్యల వేపుడు తెచ్చిపెడుతూ ఆయన భార్య సుభద్రమ్మ గారు, “బీరు తాగుతున్నారా, బియ్యెస్సీ పరీక్ష రాస్తున్నారా అండీ?” అని ఎగతాళి చేసేవారు.

చాలా రకాల్లో పాత సీసాని ఎనిమిదిసార్లు, తొమ్మిదిసార్లు పట్టేశారు. ఒక్కదాని దగ్గర మాత్రం మూడే వచ్చాయి; పాతదీ కొత్తదీ ఒకటేలా ఉన్నాయి. ఆయన ముఖం వెలిగింది. “ఇదేనయ్యా మనది. రోజూ ఉండేదానికి గొప్ప అక్కర్లేదు, మాట మీద ఉంటే చాలు.”

కొన్నేళ్లు అలాగే నడిచింది. తర్వాత ఒక ఆదివారం ఆయన గ్లాసు కింద పెట్టి, “చప్పబడిపోయింది,” అన్నారు. నేను తాగి చూశాను. ఏ మార్పూ లేదు. మరుసటి వారమూ అదే మాట. “నా నాలుకో, ఈ సీసానో తేల్చు. స్ట్రాంగు బీరు పక్కన పెట్టి పరీక్ష చెయ్యి,” అన్నారు. ఆ రెండిటికీ తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఆయన ప్రతి గ్లాసునూ ముక్కు దగ్గర చాలాసేపు పట్టుకుని, మెల్లగా వేలు చూపించారు. నేను కాగితం మీద గుర్తులు పెట్టాను.

మూడు.

“ఎన్ని?” అన్నారు.

“ఏడండి,” అన్నాను. “మీ నాలుక బానే ఉంది. సరుకే మారింది.”

ఆయన సీసా కేసి చూస్తూ తల ఊపారు. ఆ తర్వాత నాలుగు నెలలు బీర్లు మార్చాం. అన్నీ చప్పగానే ఉన్నాయన్నారు. ఒకరోజు సుభద్రమ్మ గారు గుడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా గ్యాసు వాసన. రాజు గారు వంటింటి గుమ్మం పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాం. తలలో, ముక్కుకి పైన, గడ్డ. అప్పటికే కంటి నరాన్ని నొక్కుతోందట. వాసన ఎప్పటి నుంచి తెలియడం లేదని డాక్టరు అడిగితే నేనే చెప్పాల్సి వచ్చింది. “అప్పుడే వచ్చి ఉంటే చూపు దక్కేదేమో,” అన్నాడు. ఆ ‘ఏమో’కి నా దగ్గర లెక్క లేదు.

ఆపరేషన్ అయింది. చూపు దక్కలేదు. మంచం పక్కన కూర్చుని, “ఆ రోజు మూడేనండి. ఏడు కాదు,” అన్నాను.

“తెలుసయ్యా. ఒక్క గ్లాసుకీ వాసన లేదు. వాసన తెలియనివాడికి ఏడు ఎలా వస్తాయి?” కట్టు ఉన్న తల ఇటు తిప్పారు. “నువ్వు ఏడు అన్నావు. నాకూ ఏడే కావాల్సి వచ్చింది. ఇద్దరం కలిసి తప్పాం.”

ఆయన మరో ఏడాది ఉన్నారు. ఆదివారం వెళ్లి గ్లాసు చేతికిచ్చేవాణ్ణి. చల్లదనం మాత్రం తెలుస్తోందనేవారు.

ఇప్పుడు ఏడాదికోసారి మా ఆవిడ నాకు మూడు గ్లాసులు పెడుతుంది, ఒకదానిలో స్ట్రాంగు బీరు. మొన్న ఆదివారం కాగితం మడిచి పట్టుకుని, “ఎనిమిది,” అంది.

కాగితం చూపించమన్నాను. ఆరు. తప్పు చేసినట్టు తల దించుకుంది. పోయిన ఏడాది రాసుకున్న తొమ్మిది కింద, తేదీ వేసి, ఆరు అని రాసుకున్నాను.