తప్పు దారానిది కాదు

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో తెలియదు, స్నేహితులకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పుడు విశాఖలో దంతవైద్యం చదువుతూ హౌస్ సర్జన్‌గా ఉన్నాను. యారాడ నుంచి ఒక మత్స్యకారుడు వచ్చాడు. అప్పన్న అందాం. కింది పెదవి లోపల నీలంగా, మెత్తగా చిన్న బుడిపె. అలాంటిది కనిపిస్తే చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. ముందు వేలితో తడమాలి. తర్వాత గాజుపలకతో నొక్కాలి. రంగు పాలిపోతే అది రక్తనాళాల గడ్డ; ప్రాణానికి ముప్పులేనిదే, కానీ తొందరపడి కత్తి పెట్టకూడదు, ఇంజెక్షన్‌తో కుదించవచ్చు. పలక ట్రేలోనే ఉంది. నేను నొక్కలేదు. ఉమ్మి నిండిన తిత్తి అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, తెలిసినవాడిలా కనిపించాలనుకున్నానా?

కోశాను. రక్తం ఆగలేదు. మా సీనియర్ పరుగున వచ్చి అదిమిపట్టి కుట్లు వేశారు.

కుట్లు విప్పిన రోజు గదిలో మేమిద్దరమే. అప్పన్న నవ్వాడు.

"ఏటి బాబూ, సేపని కోసినట్టు కోసీసినావు. అంత రగతం ఎందుకొచ్చింది?"

"వల బాగుచేసేటప్పుడు దారం పంటితో కొరుకుతావా?" అన్నాను.

"కొరక్కపోతే ఎలగ? సేతులు రెండూ వల మీదుంటాయి కదా."

"ఆ దారం ఒరిసే పెదవి పాడైంది. అందుకే అంత రక్తం. ఇక వల ముట్టుకోకు."

అతని నవ్వు ఆగింది. "మా అయ్యా అలగే కొరికీవోడు. సర్లే బాబూ, సదువుకున్నోలు, మీకు తెలీదా."

కత్తెర వాడమన్నా సరిపోయేది. అబద్ధం గట్టిగా నిలబడాలని వలే మాన్పించాను.

మరుసటి ఏడాది యారాడ వెళ్లాను. ఇసుకలో వల పరిచి, చుట్టూ కూర్చుని, దారం పళ్ల మధ్య పట్టుకుని మగవాళ్లు ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. అప్పన్న దూరంగా, పడవ నీడలో ఒక్కడే. నన్ను చూసి లేచి, పెదవి తడుముకుంటూ అన్నాడు: "మీ మాట దాటలేదు బాబూ."

తల ఊపి వచ్చేశాను. ఒక్క మాట. అదెందుకు రాలేదు?

ఇప్పుడు నీలం బుడిపె ఏది కనిపించినా నొక్కి చూస్తాను. గాజు కింద రంగు పోతుంది. పలక తీయగానే మళ్లీ నిండుతుంది. అది నిండేదాకా ఆ రంగు తప్ప గదిలో నాకు మరేమీ కనిపించదు.

దారం తప్పేమీ లేదు, అప్పన్నా. నేను నొక్కి చూడలేదు.

ఈ మాట యారాడ ఇసుకలో చెప్పాల్సింది. ఇక్కడ రాశాను. కొంత తేలికపడ్డాను. ఆ వల చుట్టూ అతని చోటు మాత్రం ఇంకా ఖాళీగానే ఉండి ఉంటుంది.